బాడుగ లేని ఇంటికి పన్ను

మునిలక్ష్మమ్మ బొటనవేలికి గీతలు లేవు. ముప్పై ఏళ్ళుగా విస్తరాకులు కుట్టి కుట్టి, ఈనెపుల్లలు గుచ్చుకుని గుచ్చుకుని, ఆ వేలి కొస నున్నగా అరిగిపోయింది. కాగితం మీద ఒత్తితే నల్లటి మరక పడుతుందే తప్ప ముద్ర పడదు. ఆ మరక వల్లనే 1984లో ఆమె ఇల్లు చేజారిపోయేంత పని అయింది. మరక పక్కన అక్షరాలు రాసినవాడిని నేను.

ఆమెది చౌడేపల్లె పక్కన ఒక పల్లె. పెళ్ళయి మదనపల్లెకు వచ్చింది. మొగుడు గంగులప్ప బెల్లం మండీలో మూటలు మోసేవాడు. ఆ కూలితోనే మా సందులో రాతిగోడలు లేపి మట్టిమిద్దె వేశాడు. ముందువైపు రెండు గదులు, వెనక ఒక గది, పెరడు. 1974లో జ్వరం తగిలి పది రోజుల్లో పోయాడు. ఒక్కతే కూతురు రెడ్డెమ్మ అప్పటికే పుంగనూరులో కాపురం చేస్తోంది. మునిలక్ష్మమ్మ వెనక గదిలోకి మారి, ముందు గదులు తాళం వేసుకుని, ఆకులు కుట్టుకుంటూ బతికింది.

1977లో వారం రోజులు పట్టిన ముసురుకు ముందువైపు మిద్దె కూలింది. గోడలు నిలిచాయి గానీ పైన ఆకాశం. మళ్ళీ వేయాలంటే నాలుగు వేలు. అంత డబ్బు ఆమె కలలో కూడా చూడలేదు. అప్పు ఇచ్చేవాళ్ళు ఇల్లు రాసివ్వమన్నారు. ఆమె భోగ్యానికి ఇచ్చింది.

భోగ్యమంటే మా వైపు అందరికీ తెలిసిందే. ఇల్లు తీసుకునేవాడు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తాడు. బాడుగ ఉండదు. ఆ డబ్బు తిరిగి ఇచ్చేదాకా ఇంట్లో ఉంటాడు, ఇచ్చిన రోజు ఖాళీ చేస్తాడు. స్టాంపు కాగితం మీద రాసుకుంటారు, ఆ కాగితం డబ్బిచ్చినవాడి దగ్గరే ఉంటుంది. రిజిస్టరు చెయ్యరు.

నాలుగు వేలు ఇచ్చింది చెంగల్రాయుడు అయివారు. కుప్పం పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడ మునిసిపల్ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. భార్య జయమ్మ, ముగ్గురు పిల్లలు. మిద్దె వేయడం అయింది, వాళ్ళు దిగారు. మొదటి నెల జీతం రోజున ఆయన ఒక తెల్లకాగితం, స్టాంపుప్యాడు పట్టుకుని వెనక గదికి వచ్చాడు. నేను అప్పుడు ఆకులకట్ట దింపిపోవడానికి వచ్చి అక్కడే ఉన్నాను.

"అమ్మా, ఒక చిన్న పని. నెలకు నూట ఇరవై బాడుగ ఇచ్చినట్టు ఒక రసీదు కావల్ల."

"నువ్వు బాడుగ యాడ ఇస్తాండావు అయివారూ?"

"ఇయ్యనులే. కాయితం మీద మాత్రమే. రసీదు పెడితే జీతంతో పాటు ఇంటి అలవెన్సు వస్తాది. నీకు పొయ్యేదేమీ లేదు."

"నాకు పొయ్యేది లేకుంటే సరే. బిడ్డలు గలోడివి." ఆమె నా వైపు తిరిగింది. "సిద్దప్పా, నీ అక్షరాలు బాగుంటాయంట గదా. రాసిపెట్టు."

రాసిచ్చాను. పదిహేడేళ్ళు నాకు. పదో తరగతి తప్పి టైలరు కొట్లో కాజాలు కుట్టేవాణ్ణి. చదువుకున్నవాళ్ళ దగ్గర కూర్చోవాలని ఆశ. అయివారు ప్రతి నెలా నాకొక పాత వారపత్రిక ఇచ్చేవాడు. దానికోసం నేను రసీదు రాసేవాణ్ణి. ఆమె రెవెన్యూ స్టాంపు మీద వేలు ఒత్తేది. ఆరేళ్ళలో అలాంటివి డెబ్బైకి పైగా రాశాను. మా సందులో ఒక్కడు కూడా దాన్ని అబద్ధమని అనుకోలేదు. ఉద్యోగస్తులు దిగిన ఇళ్ళలో అది మామూలు. నేనూ అనుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ వారపత్రికల వాసన కూడా నాకు గిట్టదు.

1984లో ఇంటిపన్నులు మళ్ళీ లెక్కకట్టడం మొదలైంది. బిల్ కలెక్టరు ఆంజనేయులు టేపు పట్టుకుని సందంతా కొలిచాడు. నెమ్మదస్తుడు. ఏ ఇంటికి వెళ్ళినా చెప్పులు బయటే వదిలేవాడు. గోడ కొలిచి, పైకప్పు ఏమిటో రాసుకుని, బాడుగ ఎంతో అడిగేవాడు. మునిలక్ష్మమ్మ అప్పుడు పుంగనూరులో కూతురి కాన్పుకు పోయి ఉంది. అందుకని ముందువైపు ఉన్న చెంగల్రాయుణ్ణే అడిగాడు.

అయివారు భోగ్యమని చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. కానీ ఆయన జీతం బిల్లు తయారయ్యేదీ ఆ ఆఫీసులోనే, ఇంటిపన్ను లెక్కకట్టేదీ ఆ ఆఫీసులోనే. మధ్యలో ఒక్క గోడ అడ్డం. ఒక గదిలో నూట ఇరవై రూపాయల బాడుగకు రసీదులు ఉన్నాయి, రెండో గదిలో సున్న అని ఎలా చెబుతాడు. నూట ఇరవై అని చెప్పి సంతకం పెట్టాడు.

ఆంజనేయులు రాసుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు. చెప్పింది రాయడం ఆయన పని.

మునిలక్ష్మమ్మ తిరిగి వచ్చేసరికి తలుపుకు నోటీసు అంటించి పదకొండు రోజులైంది. చింపకుండా జాగ్రత్తగా ఊడదీసి, మైదా అంటిన కాగితాన్ని నేను పనిచేసే టైలరు కొట్టుకు తెచ్చింది.

"సదువప్పా."

చదివాను. రెండోసారి నాలోనే చదువుకున్నాను. ఆరు నెలలకు ఇరవై రెండు రూపాయలు కట్టే ఇంటికి ఇకమీదట నూట నలభై ఒకటి.

"మళ్ళా సెప్పు."

"నూట నలభై ఒకటి. ఆర్నెల్లకు ఒకసారి."

ఆమె బల్ల మీద కూర్చుంది. వంద విస్తళ్ళు కుడితే ఎంత వస్తుందో మా ఇద్దరికీ తెలుసు. కొట్టులో మిషను ఆగింది, యజమాని కూడా వింటున్నాడు. అంతకుముందు ఏడాదే మా సందు చివర పన్ను బాకీ కింద ఒకరి కుట్టుమిషను జప్తు చేసి తీసుకుపోయారు. మునిలక్ష్మమ్మ ఇంట్లో జప్తు చేయడానికి మిషను లేదు. గంగులప్ప చేయించిన వేపచెక్క తలుపులు ఉన్నాయి, అంతే. బాకీ పెరిగితే ఇల్లే వేలానికి వస్తుంది.

"భోగ్యం ఇంటికి బాడుగ ఎట్ల యేసిరి?" అంది.

నాకు అప్పుడే అర్థమైంది. ఆ బాడుగ నా రసీదుల్లోదే.

నోటీసు అందిన ముప్పై రోజుల్లోగా కమిషనరుకు అర్జీ పెట్టుకోవచ్చని అందులోనే చిన్న అక్షరాల్లో ఉంది. పదకొండు పోగా పందొమ్మిది. ఆ సాయంత్రమే లైబ్రరీకి పోయి మునిసిపల్ చట్టం పుస్తకం అడిగాను. లైబ్రేరియన్ నన్ను కింది నుంచి పైదాకా చూసి బీరువా తీశాడు. మూడు సాయంత్రాలు కూర్చుని చదివాను. సగం అర్థం కాలేదు. అర్థమైన సగంలో ఒక మాట ఉంది. ఇంటికి పన్ను లెక్కకట్టేది వచ్చిన బాడుగను బట్టి మాత్రమే కాదు, ఆ ఇంటికి న్యాయంగా ఎంత బాడుగ రావచ్చో దాన్ని బట్టి. చుట్టుపక్కల అలాంటి ఇళ్ళకు ఎంత వస్తోందో చూస్తారు. మా సందులో అలాంటి రెండు గదులకు నలభై, నలభై ఐదు కంటే ఎవరూ ఇవ్వరు.

ఆ మాట ఒక్కటీ రాసి ఇచ్చి ఉంటే సరిపోయేది. నేను అంతటితో ఆగలేదు. ఆరేళ్ళుగా నా చేత రాయించుకున్నవాడి పేరు బయటపెట్టాలన్న కసి ఒకటి నాలో రగులుతోంది. 'ఈ ఇంటికి బాడుగ లేదు, ఇది భోగ్యం, రసీదులు నిజం కావు' అని అరపేజీ రాశాను. చదివి వినిపించాను.

"అయివారు ఉద్యోగం పోతాదా?"

"పోతే పోనీ. మీ ఇల్లు పోతే?"

"నా ఇల్లు నిలవల్ల, అంతే సిద్దప్పా. ఆయనది నిలబెట్టేదీ పడగొట్టేదీ నా పని కాదు." అని మళ్ళీ అంది, "భోగ్యం కాయితం ఆయన దగ్గరుండాదే. అది సూపకుంటే నా మాట ఎవరు నమ్ముతారు?"

పోయి అడిగింది. నేనూ వెంట వెళ్ళాను. అయివారు వసారాలో పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నాడు. విషయం వినగానే ఎర్ర సిరా పెన్ను మూత పెట్టాడు.

"ఆ కాయితం ఇయ్యలేనమ్మా. అది బయటికి వస్తే నేను ఈదిలో నిలబడాల."

"ఇయ్యకుంటే నేను ఈదిలో నిలబడాల గదా."

"పెరిగిన పన్ను నేను కడతాలే."

"ఎన్నాళ్ళు కడతావు?"

జయమ్మ లోపలి నుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "అట్లయితే మా నాలుగు వేలు మాకిచ్చేయండి, పోతాము," అంది. గొంతు పెంచలేదు. అసలు భయం అదే. ఆ నాలుగు వేలు మిద్దె మీద మట్టిలో, దూలాల్లో ఉన్నాయి.

"ఇంగ మీ ఇష్టం," అన్నాడు అయివారు. తర్వాత నా వైపు చూసి, "ఏమప్పా లాయరూ, ఎన్ని పుస్తకాలు సదివినావు?" అన్నాడు.

"నువ్విచ్చిన వారపత్రికలే అయివారూ," అన్నాను.

అర్జీ ఇచ్చాం. నోటీసు అంటించిన ఇరవై ఆరో రోజున పిలిచారు. ఆ రోజు ఆమె ఉతికిన చీర కట్టుకుని, ఆకుల సంచి కూడా తెచ్చుకుంది. బెంచీ మీద కూర్చుని కుడుతూనే ఉంది. ప్యూను వద్దనలేదు. అయివారిని కూడా పిలిపించారు. ఆయన ఎదురు బెంచీ మీద, గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ముగ్గురం ఒకరినొకరం చూసుకోలేదు. గంటన్నర అలాగే.

లోపల కమిషనరు బల్ల మీద రెండు కట్టలు ఉన్నాయి. ఒకటి మా అర్జీ. రెండోది పక్క గది నుంచి తెప్పించిన రసీదుల కట్ట. ఆంజనేయులు గోడ పక్కన రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు.

కమిషనరు వయసు మళ్ళినవాడు, తొందరలేనివాడు. అర్జీ చదివాడు. పైనున్న రసీదు తీసి చదివాడు. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

రెండూ నా అక్షరాలే. అదే తలకట్టు, అదే వంకర 'ళ'. ఈ రసీదులు నిజం కావు అని చెబుతున్నదీ నా చెయ్యే, ఆ రసీదులు రాసిందీ నా చెయ్యే. మూడు సాయంత్రాలు చట్టం చదివినవాడికి, అర్జీ వేరొకరి చేత రాయించాలన్న బుద్ధి పుట్టలేదు.

"ఇవి రెండూ రాసింది ఒక్కరే," అన్నాడు కమిషనరు. "ఎవరు?"

ఫ్యాను తిరుగుతోంది, కాగితాలు లేవబోయి ఆగుతున్నాయి.

"చూడమ్మా," అన్నాడాయన ఆమెతో. "రసీదు నిజమైతే నీ పన్ను సరిగ్గానే ఉంది. నిజం కాకపోతే, ఇచ్చినవాళ్ళ మీద, పుచ్చుకున్నవాళ్ళ మీద, రాసినవాళ్ళ మీద కూడా కేసు అవుతుంది. చుట్టుపక్కల బాడుగలు చూసి తగ్గించమని మాత్రం అడిగి ఉంటే ఆలోచించేవాణ్ణి. ఇప్పుడు ఈ కాగితం నా ముందు ఉంది." రసీదును ఆమె వైపు తిప్పాడు. "ఇందులో గీతలే లేవు, మరకలా ఉంది. ఇది ఎవరి వేలో నేను చెప్పలేను. నువ్వు చెప్పాలి. నీదేనా?"

ఆయన దారి చూపిస్తున్నాడని నాకు తెలిసింది. నాది కాదు అంటే చాలు. అయివారే ఎవరి చేతనో వేలు వేయించుకున్నాడని అవుతుంది. ఆ మరక ఆమెదని ఎవరూ రుజువు చేయలేరు. "కాదను," అని నేను పెదవులు కదిపాను.

మునిలక్ష్మమ్మ తన బొటనవేలిని చూసుకుంది. ఒకసారి నన్ను, ఒకసారి అయివారిని చూసింది.

"నాదే సామీ. తెలిసే యేసినాను."

"అయితే ఈ అర్జీ?"

"అది నాకిచ్చేయండి. నేను పెట్టలేదనుకోండి."

కమిషనరు అర్జీని మడిచి ఆమె చేతికి ఇచ్చాడు. "పన్ను అలాగే ఉంటుంది," అన్నాడు. "మళ్ళీ పన్నులు మార్చేదాకా అదే."

"కానీలే సామీ."

బయటికి వచ్చాక నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆమె మీద కోపం. "మీరు కాదని ఉంటే..." అని మొదలుపెట్టాను.

"ఉంటే ఆయనా, రాసిన నువ్వూ జైలుకు. ఔనని మొత్తం సెప్పింటే ముగ్గురమూ. నోరు మూసుకో రవ్వంతసేపు." అని ఆమె వరండా మెట్ల దగ్గర నిలబడి అయివారి కోసం ఎదురుచూసింది.

ఆయన వచ్చి చేతులు జోడించబోయాడు. ఆమె ఆపింది.

"దండాలు యాల అయివారూ. నెలకు నూట ఇరవై బాడుగ ఇస్తాండావని ఇప్పుడే లోపల ఒప్పుకున్నాము గదా ఇద్దరమూ. ఒకటో తేదీ నుంచి నా చేతిలో పెట్టు."

"మా నాలుగు వేలు ఉండాయి గదమ్మా నీ దగ్గర. బాడుగ ఎట్ల?"

"ఉండాయి. నేను ఎగ్గొట్టను. నువ్విచ్చే బాడుగలో పన్ను కట్టంగా మిగిలింది దాచిపెడతా. నాలుగు వేలు నిండిననాడు నీ దుడ్డు నీకిచ్చేస్తా, ఆ కాయితం నాకిచ్చి ఇల్లు ఖాళీ చేద్దువు."

"నా దుడ్డు నాకే ఇస్తావా?"

"నీది కాదులే. ఆరేండ్లుగా నా వేలు సూపించి తెచ్చుకున్న దుడ్డు. ఇన్నాళ్ళూ నీ జోబీలో ఉండె, ఇంగ రవ్వన్నాళ్ళు నా ట్రంకుపెట్టెలో ఉంటాది." ఆమె సంచి భుజాన వేసుకుంది. "ఇష్టం లేకుంటే భోగ్యం కాయితం పట్టుకోని కోర్టుకు పో. నేనూ వస్తా."

ఆయన పోలేడు. ఆ కాగితం బయటికి తీస్తే రసీదులన్నీ అబద్ధమవుతాయి. మెట్ల మీద అలాగే నిలబడిపోయాడు. మేము వీధి మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నాడు.

అలా మూడున్నరేళ్ళు గడిచాయి. ఒకే మిద్దె కింద, ముందువైపు వాళ్ళు, వెనక ఈమె. పలకరింపులు లేవు. ఒకటో తేదీన జయమ్మ వచ్చి డబ్బు గడప మీద పెట్టి పోయేది. ఆ నెలల్లో ప్రతి ఒకటో తేదీ నాకు ఒకటే భయం. ఈసారి ఇవ్వరు, ఈసారి పంచాయితీ పెడతారు అని. ఆమె మాత్రం డబ్బు తీసుకుని, వేలు ఒత్తి రసీదు ఇచ్చేది. ఆ రసీదులు నిజమైనవి. అవి కూడా నేనే రాశాను. వారపత్రిక అడగలేదు.

1987 చివర్లో నాలుగు వేలు లెక్కపెట్టి ఇచ్చింది. అయివారు స్టాంపు కాగితం ఇచ్చాడు. ఆ పొద్దే సామాను కుప్పం బస్సుకెక్కించి పంపించాడు, తర్వాత వారానికి వేరే ఇంటికి మారిపోయాడు. ఆమె ఆ కాగితాన్ని పొయ్యిలో వేస్తుందనుకున్నాను. వేయలేదు. చెదలు పట్టకుండా వేపాకు పెట్టి ట్రంకుపెట్టెలో దాచింది.

ఇల్లు నిలిచింది. కానీ పన్ను నూట నలభై ఒకటే నిలిచింది. నూట ఇరవైకి ఆ గదుల్లోకి ఎవరూ రారు. నలభైకి ఇస్తే పన్నుకే సగానికి పైగా పోతుంది. మళ్ళీ భోగ్యం అడిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒకాయన రసీదు మాట కూడా ఎత్తాడు. ఆమె లేచి, కుడుతున్న ఆకు అలాగే పట్టుకుని, గుమ్మందాకా సాగనంపి వచ్చింది.

నేను మళ్ళీ లైబ్రరీకి పోయాను. ఇల్లో, అందులో ఒక భాగమో ఖాళీగా ఉంటే, ఆ సంగతి ముందే ఆఫీసుకు రాసి తెలిపితే, ఖాళీగా ఉన్న కాలానికి పన్నులో కొంత తగ్గిస్తారని ఒక మూల ఉంది. ఆమెకు చెప్పాను.

"అది యాల ముందే సదవలేదు?"

"అప్పుడు ఖాళీగా లేదు గదమ్మా."

"అదీ నిజమే."

అప్పటి నుంచి ఆరు నెలలకొకసారి మా ఇద్దరికీ ఇదే పని. నేను అర్జీ రాసి తీసుకుపోతాను. ఆంజనేయులు వచ్చి తాళం చూసి, కిటికీలోంచి లోపలికి తొంగి చూసి రాసుకుపోతాడు. ఈ ఏడాది పన్నులు మళ్ళీ మారుస్తారని అంటున్నారు. టేపు ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చిన రోజున పుంగనూరులో ఉండకూడదని, మొన్న మనవరాలి చెవులు కుట్టించడానికి కూడా ఆమె పోలేదు.

నిన్న అర్జీ తీసుకుపోయాను. ఆకులు పక్కకు నెట్టి చెయ్యి తుడుచుకుంది.

"సదువు."

చదివాను.

"మళ్ళా సదువు."

మళ్ళీ చదివాను.

"దీంట్లో అబద్ధం ఏమన్నా ఉండాదా?"

"లేదమ్మా."

"అవే అక్షరాలతో రాసినావా?"

"నాకు అవే వచ్చు."

ఆమె నవ్వలేదు. స్టాంపుప్యాడు మీద వేలు అద్ది, కాగితం మీద ఒత్తి, మరక ఆరేదాకా ఊదుతూ కూర్చుంది.